ఫోర్డ్ బ్లాకు మీద కొత్త హెడ్: కాలిన్ చాప్‌మన్ కథ

కాలిన్ చాప్‌మన్ పేరు మన క్లాసులో సగం మందికి తెలీదు. లోటస్ కారు మాత్రం రేసింగ్ గేమ్స్ ఆడే ప్రతివాడికీ తెలుసు. ఆ కంపెనీ ఆయనదే. 1928లో లండన్ పక్కన రిచ్‌మండ్‌లో పుట్టాడు. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ చదువుతూనే సెకండ్‌హ్యాండ్ కార్లు కొని అమ్మేవాడు. ఫైనల్ మ్యాథ్స్ పేపరు పోయింది, మళ్ళీ రాసి ఏడాది లేటుగా డిగ్రీ తెచ్చుకున్నాడు. బ్యాక్‌లాగ్స్ ఉన్నవాళ్ళు ఈ ముక్క ఇంట్లో చూపించుకోవచ్చు.

1952లో, తర్వాత భార్య అయిన హేజెల్ దగ్గర 25 పౌండ్లు అప్పు తీసుకుని, తండ్రి నడిపే హోటల్ వెనక గుర్రాల పాకలో కంపెనీ పెట్టాడు.

అప్పటికే ఇంజన్ హెడ్డుల పిచ్చి ఉంది. ఆస్టిన్ సెవెన్ ఇంజన్లో రెండేసి సిలిండర్లకి ఒకటే గాలి దారి. చాప్‌మన్ మధ్యలో అడ్డు పెట్టి ఎవరి దారి వాళ్ళకి చేశాడు. అందరినీ ఓడించేసరికి క్లబ్బు వాళ్ళు రూలే మార్చేశారు!

1957లో వచ్చిన ఎలీట్ కారుకి కోవెంట్రీ క్లైమాక్స్ ఇంజన్ వాడాడు. దాని మూలం ఫైరింజన్ నీళ్ళ పంపు. (మా కోడూరు వైపు ఆయిల్ ఇంజన్లు చెరువుల్లో నీళ్ళు తోడడంతోనే ఆగిపోయాయి.) ఇంజన్ బావుంది కానీ ఖరీదు ఎక్కువ, కారు అమ్మితే కంపెనీకే నష్టం. సొంత ఇంజన్ మొత్తం తయారు చేసే డబ్బు లేదు. అందుకే చవగ్గా దొరికే ఫోర్డ్ బ్లాకు ఉంచేసి, హెడ్ ఒక్కటి మార్చాలనుకున్నాడు. డిజైన్ హారీ మండీకి అప్పజెప్పాడు. మండీ అప్పుడు కార్ల పత్రికలో టెక్నికల్ ఎడిటరు, అంతకుముందు క్లైమాక్స్ కంపెనీలోనే పనిచేశాడు.

ఫోర్డ్ ఇంజన్లో క్యామ్ షాఫ్ట్ కింద బ్లాకులో ఉంటుంది. పొడుగాటి పుష్ రాడ్లతో పైనున్న వాల్వుల్ని తోస్తుంది. స్పీడు పెరిగితే ఆ బరువే అడ్డం. మండీ అల్యూమినియం హెడ్డులో వాల్వుల నెత్తినే రెండు క్యామ్‌లు పెట్టాడు, ఇన్‌టేక్‌కి ఒకటి, ఎగ్జాస్ట్‌కి ఒకటి. మరి పాత క్యామ్ షాఫ్ట్ తీసేద్దామంటే కుదరదు. ఆయిల్ పంపు, డిస్ట్రిబ్యూటర్ దాని మీదే తిరుగుతున్నాయి. అందుకని దాన్ని అక్కడే ఉంచి అలాంటి పనులకి వాడుకున్నారు, పొడుగాటి టైమింగ్ చైను అన్నిటినీ తిప్పుతుంది. మా సీఎస్ఈ వాళ్ళకిది బాగా తెలిసిన సంగతే: పాత కోడ్ డిలీట్ చేస్తే ఇంకెక్కడో ఏదో పగులుతుంది.

వాటర్ పంపు మాత్రం ముందు కవర్లోనే ఇరికించారు. అది పోతే ముందు భాగమంతా విప్పాలి. కోడూరులో షెడ్డు నడిపే మా మామయ్యకి చెబితే, గీసినవాడెప్పుడూ స్పానర్ పట్టి ఉండడన్నాడు.

1962 మే నెలలో నూర్‌బర్గ్‌రింగ్ రేసులో ఈ 1.5 లీటర్ల ఇంజన్‌తో జిమ్ క్లార్క్ పెద్ద ఫెరారీల్ని వెనక్కి నెట్టి లీడ్ చేశాడు. ఎగ్జాస్ట్ పొగ లోపలికి కొట్టి 12వ ల్యాప్‌లో రోడ్డు తప్పాడు గానీ, ఇంజన్ సంగతి అందరికీ తెలిసిపోయింది. తర్వాత మందంగా ఉన్న బ్లాకులు ఏరి, బోరు పెంచి, 1558 సీసీ చేశారు. మామూలు ఫోర్డ్ 60 హార్స్ పవర్ ఇచ్చే చోట ఇది 105 ఇచ్చింది. మండీకి మాత్రం ఇంజనుకి ఒక పౌండు కావాలా, ఒకేసారి 200 పౌండ్లా అంటే 200 తీసుకున్నాడని చెబుతారు. వేల ఇంజన్లు తయారయ్యాయి.

చాప్‌మన్ బరువు తగ్గించడంలో ఆగేవాడు కాదు. కారు మరీ బలహీనంగా ఉందని యోకెన్ రింట్ స్వయంగా ఉత్తరం రాశాడు. 1970లో మోంజాలో లోటస్ బ్రేక్ షాఫ్ట్ విరిగి రింట్ చనిపోయాడు, ఆ ఏడాది ఛాంపియన్ టైటిల్ చనిపోయాక అతనికే వచ్చింది. నాకు చాప్‌మన్ తెలివంటే ఎంత ఇష్టమో, ఇక్కడికొచ్చేసరికి అంత కోపం. పాత బ్లాకు గోడ మందం కొలిచి మరీ ఏరిన మనిషి, డ్రైవర్ మాట దగ్గర ఎందుకు ఆగలేదు?

1982 డిసెంబర్ 16న గుండెపోటుతో పోయాడు. వయసు 54. అప్పటికే డెలోరియన్ కారు డబ్బు గొడవ ముసురుకుంది, పదేళ్ళ తర్వాత లోటస్ ఫైనాన్స్ చూసినాయన జైలుకెళ్ళాడు. ట్విన్ క్యామ్ ఎలాన్లు మాత్రం ఇప్పటికీ రోడ్డెక్కుతున్నాయి, వాటర్ పంపు కోసం ముందు కవర్ విప్పుకుంటూనే.