టికెట్ అడిగిన పిల్ల – దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు

మన నాచారం నుంచి తార్నాక మీదుగా విద్యానగర్ పోతే ఆంధ్ర మహిళా సభ వాళ్ల ఆసుపత్రి కనిపిస్తది. ఆ సభను పెట్టింది దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు.

ఆమె 1909లో రాజమండ్రిలో పుట్టారు. చిన్నప్పుడే పెళ్లి చేసిన్రు. పెద్దయినాక ఆ పెళ్లి వద్దనుకుని బయటికొచ్చారు. 1923లో కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర ఆమె వాలంటీరు. వయసు 14 ఏళ్లు. టికెట్ లేదని నెహ్రూ గారినే ఆపింది. పెద్దలు కోప్పడ్డా, టికెట్ కొన్నాకనే లోపలికి పంపింది. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు పోయి వచ్చినాక చదువుకుని లాయరు అయ్యారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ మొదలైంది. అక్కడ ఆడోళ్లకు చదువు, చేతిపనులు నేర్పించారు. రాజ్యాంగ సభలో సభ్యురాలు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలు. 1981లో కన్నుమూశారు.

మన సంఘంలో కూడా మీటింగుకు ఆలస్యమైతే సభ్యురాలికి ఎంత జరిమానానో లీడరుకూ అంతే ఉండాలి. అప్పు కిస్తీ లీడరు కట్టకపోయినా అడగాలి. అడిగే ధైర్యం చివర కూర్చున్న చెల్లెకు ఉంటేనే మన పొదుపు పైసలు భద్రం.