ఊపిరి దారి చూపిన డాక్టర్.. కన్నకూతుర్ని కాపాడుకోలేకపోయారు! ఆ కడుపుకోతే అంబులెన్స్‌ను మార్చేసింది

ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా హైవే మీద ఎక్కడ యాక్సిడెంట్ జరిగినా ముందు గుర్తొచ్చేది 108. స్పృహ తప్పిన మనిషికి ఊపిరి ఆడుతోందా, గొంతుకు ఏదైనా అడ్డం పడిందా అని సిబ్బంది రోడ్డు మీదే చూస్తారు. డాక్టర్ కానివాళ్లకు ఈ పని నేర్పొచ్చని నిరూపించిన వ్యక్తి డాక్టర్ పీటర్ సఫార్.

1924లో ఆస్ట్రియాలోని వియన్నాలో పుట్టారు. తల్లిదండ్రులిద్దరూ డాక్టర్లే. 1949లో అమెరికా వెళ్లి మత్తు డాక్టర్‌గా స్థిరపడ్డారు.

నాలుకే అడ్డం!

అప్పట్లో ఊపిరి ఆగితే బోర్లా పడుకోబెట్టి వీపు నొక్కేవారు. కానీ స్పృహ లేనప్పుడు నాలుక వెనక్కి జారి గొంతు మూసుకుపోతుంది. ఎంత నొక్కినా గాలి సరిగా లోపలికి పోదు. తల వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, నోట్లో నోరు పెట్టి ఊదితే గాలి అందుతుందని 1950ల్లో బాల్టిమోర్‌లో వాలంటీర్ల మీద పరీక్షించి చూపించారు. దీనికి ఛాతీ నొక్కడం కూడా కలిసి ఇవాళ్టి సీపీఆర్ అయింది.

1966లో ఇంట్లోనే విషాదం

ఆయన ఊళ్లో లేనప్పుడు చిన్నారి కూతురు ఎలిజబెత్‌కు ఆస్తమా తీవ్రమైంది. ఆస్పత్రిలో గుండె మళ్లీ కొట్టుకున్నా, అప్పటికే మెదడు దెబ్బతింది. పాప దక్కలేదు. ఆస్పత్రికి చేరేలోపు పోయే ఆ నిమిషాల మీదే సఫార్ దృష్టి పెట్టారు.

అప్పట్లో పిట్స్‌బర్గ్‌లో రోగుల్ని ఎక్కువగా పోలీసు వ్యాన్లలోనే తరలించేవారు. దారిలో వైద్యం ఉండేది కాదు. 1967లో ఫ్రీడమ్ హౌస్ అంబులెన్స్ మొదలైంది. ఉద్యోగాల్లేని నల్లజాతి యువకులకు సఫార్ వందల గంటల శిక్షణ ఇప్పించారు. తర్వాత్తర్వాత వాళ్లు గొంతులోకి గొట్టం వేసి ఊపిరి అందించే స్థాయికి ఎదిగారు. అయినా 1975లో నగర పాలకులు ఆ సర్వీసును ఆపేశారు. కానీ ఆ పద్ధతి మాత్రం ఆగలేదు.

2003 ఆగస్టులో, 79 ఏళ్ల వయసులో సఫార్ కన్నుమూశారు. రెండేళ్లకు, 2005 ఆగస్టు 15న, మన రాష్ట్రంలో 108 మొదలైంది.

2010లో వరస కాస్త మారింది. గుండె ఆగిన పెద్దవాళ్లకు ముందు ఛాతీ నొక్కాలి, ఆ తర్వాతే ఊపిరి దారి. సఫార్ చెప్పిన అసలు సంగతి మాత్రం అలాగే ఉంది. ప్రాణం నిలిచేది ఆస్పత్రి గేటు దగ్గర కాదు, మనిషి పడిపోయిన చోటే. అలా ఎవరైనా కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి.