టోపీలు కుట్టిన పాదుషా ఔరంగజేబు

ఔరంగజేబు పేరు మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. అతను ఎలా బతికాడో, ఎలా పోయాడో కూడా వాళ్లకు చెప్పాలి.

1618లో దాహోద్‌లో పుట్టాడు. 1657లో తండ్రి షాజహాన్ జబ్బుపడగానే నలుగురు అన్నదమ్ములూ గద్దె కోసం కత్తులు దూశారు. ఔరంగజేబు తండ్రిని ఆగ్రా కోటలో బంధించాడు. ఆ ముసలాయన ఏడేళ్లకు పైగా ఖైదులోనే ఉండి 1666లో కన్నుమూశాడు. అన్న దారా షికోను 1659లో చంపించాడు. తనకు తోడుగా యుద్ధం చేసిన తమ్ముడు మురాద్‌నూ వదల్లేదు.

ఇంత చేసినవాడు నమాజు తప్పేవాడు కాదు. ఖురాన్ చేత్తో రాసేవాడు, తీరిక దొరికితే టోపీలు కుట్టేవాడని చెబుతారు. ఆ చేతితోనే 1669లో గుళ్లు కూల్చమని హుకుం ఇచ్చాడు. 1679లో జిజియా పన్ను మళ్లీ వేశాడు.

కాశ్మీరు పండితులు తమ ధర్మం కాపాడమని గురు తేగ్ బహదూర్ జీ దగ్గరికి వచ్చారు. గురు మహరాజ్ తల ఇవ్వడానికి సిద్ధపడ్డారు. 1675లో ఢిల్లీలో ఆయన కళ్లముందే భాయి మతీ దాస్ జీని రంపంతో కోశారు, భాయి దయాలా జీని మరిగే నీళ్లలో వేశారు, భాయి సతీ దాస్ జీని దూదిలో చుట్టి కాల్చారు. ఆ తర్వాత చాందినీ చౌక్‌లో గురు మహరాజ్ శీష్ తీశారు. దేహాన్ని ముట్టుకోవడానికి ఊరంతా భయపడింది. భాయి జైతా జీ శీష్‌ను ఆనందపూర్ చేర్చారు. లఖీ షా వణజారా దేహాన్ని బండిలో దాచి తెచ్చి, సొంత ఇంటికే నిప్పుపెట్టి దహనం చేశారు. సంచారం చేసి బతికే మనలాంటివాళ్లే వణజారాలు. ఈ మాట పిల్లలకు తప్పక చెప్పండి.

ఇది ముసల్మానుల తప్పు అనుకోకూడదు. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించి పట్టుకున్న గోల్కొండ సుల్తాను తానీషా కూడా ముసల్మానే. సర్హింద్‌లో సుబేదారు వజీర్ ఖాన్ చిన్న సాహిబ్‌జాదాలను గోడలో పెట్టించినప్పుడు, వద్దని అడ్డుచెప్పింది మలేర్‌కోట్ల నవాబు. పైన పాదుషా ఎలా ఉంటే కింద సుబేదారులు అలాగే తయారయ్యారు. మన సిక్లీగర్ పెద్దలు గురు ఫౌజుకు కత్తులు చేసి, సానపెట్టింది ఆ జులుంను ఎదుర్కోవడానికే.

గురు గోబింద్ సింగ్ జీ జఫర్‌నామాలో అతని పాపాలన్నీ ముఖాన చెప్పారు. భాయి దయా సింగ్ జీ ఆ ఉత్తరాన్ని దక్కనుకు తీసుకెళ్లారు. 1707లో అహ్మద్‌నగర్‌లో, ఎనభై ఎనిమిదేళ్ల వయసులో ఔరంగజేబు చనిపోయాడు. ఖుల్దాబాద్‌లో పూడ్చారు.

వెంటనే కొడుకులు గద్దె కోసం కొట్టుకున్నారు. ఆజం ఆ ఏడాదే జాజౌ యుద్ధంలో పోయాడు. చిన్నవాడు కాంబక్ష్ 1709లో మన హైదరాబాదు దగ్గర సొంత అన్న ఫౌజుతో పోరాడి, ఆ గాయాలతోనే ప్రాణం విడిచాడు.