నిమ్మకాయ నిజం చెప్పింది.. నేవీ 48 ఏండ్లకు ఇన్నది

కరోనా టైమ్‌ల మా ఇంట్ల సి విటమిన్ గోలీలు చాక్లెట్ల లెక్క సప్పరిచ్చినం. ఎందుకేసుకుంటున్నమో ఎవ్వలం అడగలే. ఫోన్‌ల మెసేజ్ వచ్చింది, మెడికల్ షాపుల దొరికినయ్, ఏసుకున్నం. గంతే. మొన్న గా గోలీల కథ యాడ షురువయిందో ఎతుక్కుంట పోతె నాకు ఒక ఓడ డాక్టర్ దొరికిండు. పేరు జేమ్స్ లిండ్. ఆయన సచ్చిపోయి 230 ఏండ్లు దాటింది. అయినా చేతుల ఫోన్ ఉన్న ప్రతి తమ్ముడు, చెల్లె ఆయన సంగతి తెలుసుకోవాలె అనిపించి ఇది రాస్తున్న.

లిండ్ 1716ల స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోల పుట్టిండు. తండ్రి వ్యాపారి. 1731ల ఒక సర్జన్ దగ్గర పని నేర్సుకునేతందుకు చేరిండు. 1739ల బ్రిటన్ నౌకాదళంల సర్జన్‌కు సహాయకుడిగ ఓడ ఎక్కిండు. మధ్యధరా సముద్రం, ఆఫ్రికా పడమటి ఒడ్డు, వెస్టిండీస్.. ఏండ్లకేండ్లు నీళ్ల మీదనే బతికిండు.

గప్పుడు నావికులను తుపాకి గుండు కంటె ఎక్కువ సంపింది స్కర్వీ. నెలల తరబడి ఎండు బిస్కెట్లు, ఉప్పేసిన మాంసం తప్ప వేరే తిండి లేదు. చిగుళ్లు ఉబ్బి కుళ్లిపోతయ్, పండ్లు కదులుతయ్, ఒంటి మీద నల్ల మచ్చలు లేస్తయ్, ఎప్పుడో మానిన గాయాలు మల్ల పలుగుతయ్. ఆఖరుకు పానం పోతది. 1740ల ఆన్సన్ అనే కమాండర్ ఓడలేసుకొని ప్రపంచం సుట్టి రానీకి పోయిండు. ఆయనెంబడి పోయినోళ్లు 1,900 మంది దాక ఉంటె, 1,400 మంది దాక మల్ల ఇల్లు సూడలే. యుద్ధంల సచ్చింది కొద్దిమందే, ఎక్కువ మందిని రోగమే మింగింది.

మందులు మస్తుగ చెప్పెటోళ్లు. ఒకలు వెనిగర్ అంటరు, ఒకలు ఆమ్లం అంటరు, ఇంకొకలు నిమ్మకాయ అంటరు. నిమ్మ, నారింజల సంగతి లిండ్ కంటె 100 ఏండ్ల ముందే కొందరు రాసిండ్రు. కని ఎవలి మాట నిజమో తేల్చినోడు లేడు.

లిండ్ తేల్సుదామనుకున్నడు. 1747 మే 20న, సాలిస్‌బరీ అనే ఓడ మీద, స్కర్వీ వచ్చిన 12 మందిని తీసుకున్నడు. రోగం అందరికి ఒక్క తీరుగనే ఉన్నది. అందరిని ఒక్కతాననే పండవెట్టిండు, ఒక్కటే తిండి పెట్టిండు. ఇద్దరిద్దరిని జతలు చేసి, ఒక్కో జతకు ఒక్కో మందు ఇచ్చిండు. ఒక జతకు ఆపిల్ రసం పులవెట్టి చేసిన సిడర్. ఒక జతకు గంధకపు ఆమ్లం చుక్కలు. ఒకటికి వెనిగర్. ఒకటికి సముద్రపు నీళ్లు. ఒకటికి ఎల్లిపాయ, ఆవాలు కలిపి నూరిన ముద్ద. ఆఖరు జతకు రోజుకు రెండు నారింజ పండ్లు, ఒక నిమ్మకాయ.

పండ్లు ఆరు రోజులకే ఒడిసిపోయినయ్. కని ఆరు రోజులే సరిపోయినయ్. పండ్లు తిన్న ఇద్దరిల ఒకడు పనికి ఎక్కిండు, ఇంకొకడు దాదాపు కోలుకున్నడు. సిడర్ తాగినోళ్లకు జెరంత నయమనిపించింది. మిగిలినోళ్లు యాడోళ్లు ఆడనే.

మన రైతుకు ఇది కొత్త ముచ్చట కాదు. కొత్త ఎరువు పనిచేస్తదో లేదో సూడాలంటె ఒకే చెల్క, ఒకే విత్తనం, ఒకే నీళ్లు ఉండాలె. ఒక మడికి ఎయ్యాలె, పక్క మడికి ఎయ్యొద్దు. గప్పుడే తేడా తెలుస్తది. లిండ్ గదే పని మనుషుల రోగం మీద చేసిండు.

గిక్కడిదాక వింటె సినిమా కథ లెక్కున్నది. కని తర్వాత జరిగిందే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. లిండ్ 1748ల నేవీ ఇడిసిపెట్టి ఎడిన్‌బరోల డాక్టర్ పట్టా తీసుకున్నడు. 1753ల స్కర్వీ మీద పెద్ద పుస్తకం అచ్చేసిండు. 400 పేజీలు దాటిన ఆ పుస్తకంల గీ పరీక్ష సంగతి కొన్ని పేరాలే. తన కండ్లతోని సూసిన దాని అర్థం ఆయనకే పూరాగ అందలే. సల్లటి తడి గాలికి చెమట ఆగిపోయి రోగం వస్తదనే పాత నమ్మకం ఆయన ఇడువలే. పైంగ పండ్లు ఓడల మీద నిల్వ ఉండాలని రసాన్ని గంటల తరబడి కాచి చిక్కగ చెయ్యుమన్నడు. ఆ వేడికి రసంల ఉన్న అసలు గుణమే పోయింది. గది తాగినా నావికులకు నయం కాలే. నిమ్మకాయ మీద నమ్మకం కూడ పోయింది.

1758ల ఆయన హాస్లర్ నౌకాదళ దవాఖానకు పెద్ద డాక్టర్ అయిండు. ఆడ ఏండ్లకేండ్లు రోగులను సూసిండు. ఉప్పు నీళ్లను కాచి ఆవిరి పడితె తాగే నీళ్లు వస్తయని చూపెట్టిండు. 1794ల కన్ను మూసిండు. తెల్లారి ఏడాది, 1795ల, గిల్బర్ట్ బ్లేన్ అనే ఇంకో డాక్టర్ పట్టువడితె, నౌకాదళం నావికులకు నిమ్మరసం ఇచ్చుడు షురువు చేసింది. పరీక్షకు, హుకుంకు నడుమ 48 ఏండ్లు. ఆ నడుమ సచ్చినోళ్లంత జవాబు దొరికినంక సచ్చినోళ్లే.

నిమ్మకాయల ఉన్నది సి విటమిన్ అని 1932ల తేలింది. రెండో ప్రపంచ యుద్ధం టైమ్‌ల ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌ల మనుషుల మీద పరీక్ష చేస్తె, రోజుకు 10 మిల్లీగ్రాములు ఇచ్చినా స్కర్వీ దగ్గరికి రాలే. మేము సప్పరిచ్చిన ఒక్కో గోలీల 500 ఉన్నయ్. 1970ల లైనస్ పాలింగ్ అనే సైంటిస్టు పెద్ద పెద్ద డోసులేసుకుంటె జలుబు రాదని పుస్తకం రాసిండు. రెండు నోబెల్లు వచ్చినాయన కాబట్టి లోకం నమ్మింది. తర్వాత లిండ్ లెక్కనే జతలు కట్టి, వేల మంది మీద పరీక్షలు చేసిండ్రు. మామూలు జనానికి జలుబు రాకుండ ఆ గోలీలు ఆపలే. రోజూ ఏసుకునేటోళ్లకు వచ్చిన జలుబు జెరంత జల్ది తగ్గింది, గంతే.

పాలింగ్ నోబెల్లు జలుబును ఆపలేకపోయినయ్. లిండ్ కూడ తన పరీక్ష ముంగట తన నమ్మకాన్ని ఇడువలేకపోయిండు. గందుకే ఇప్పుడు మందు గురించి ఫోన్‌ల మెసేజ్ వస్తె, పంపినోడు ఎంత పెద్దోడని సూస్తలేను. ఎవలికి ఇచ్చిండ్రు, ఎవలికి ఇయ్యలే, రెంటికి తేడా ఎంత అని ఎతుకుతున్న. జవాబు లేకుంటె ముంగటికి పంపుతలేను. సి విటమిన్ కోసమైతె మా పెరట్ల జామచెట్టు ఉన్నది. నారింజ కంటె జామకాయలనే అది ఎక్కువ.