సూరి భగవంతం

సూరి భగవంతం (అక్టోబరు 14, 1909 – ఫిబ్రవరి 6, 1989) ప్రముఖ భౌతిక శాస్త్రవేత్త, ఆచార్యుడు, విద్యా పరిపాలకుడు. ఆంధ్ర, ఉస్మానియా విశ్వవిద్యాలయాలలో భౌతికశాస్త్ర బోధనకు, పరిశోధనకు గట్టి పునాది వేసినవారిలో ఒకడు. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా, బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ సంచాలకునిగా, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా పనిచేసినందువల్ల సామాన్య ప్రజలకు ఆయన పదవుల ద్వారానే ఎక్కువగా తెలుసు. నిజానికి ఆయన పేరు చిరకాలం నిలిపేది రామన్ వర్ణపటాల నుండి అణువుల, స్ఫటికాల నిర్మాణాన్ని చదివే పద్ధతిపై చేసిన కృషి.

బాల్యం, విద్య

భగవంతం కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించాడు. గుడివాడలో ఉన్నత పాఠశాల విద్య ముగించి, హైదరాబాదులోని నిజాం కళాశాలలో చేరాడు. ఆ కళాశాల హైదరాబాదులో ఉన్నప్పటికీ అప్పట్లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. 1928లో పట్టా పుచ్చుకొని కలకత్తా వెళ్ళి, భారతీయ విజ్ఞాన వికాస సంఘంలో సర్ సి.వి. రామన్ వద్ద పరిశోధకునిగా చేరాడు.

కలకత్తాలో

ఆయన చేరిన సమయం విశేషమైనది. ఆ సంవత్సరమే ఫిబ్రవరి 28న రామన్ ఫలితం వెలుగు చూసింది. ఒక ద్రవంపై ఏకవర్ణ కాంతి పడినప్పుడు పరిక్షేపణ చెందిన కాంతిలో అధిక భాగం అదే వర్ణంలో ఉంటుంది. అత్యల్ప భాగం మాత్రం పౌనఃపున్యంలో కొంత మార్పు పొంది వస్తుంది. ఆ మార్పు అణువులోని కంపన పౌనఃపున్యానికి సమానం. అనగా కాంతి అణువును తాకి, దాని కంపనాల వార్త తీసుకొని తిరిగి వస్తున్నదన్నమాట.

దీని ప్రాముఖ్యం కర్బన రసాయన శాస్త్రంలో మరీ ఎక్కువ. అంతవరకు ఒక కర్బన సమ్మేళనం నిర్మాణాన్ని తెలుసుకోవాలంటే దానిని ముక్కలుగా విడగొట్టి, ఆ ముక్కలను గుర్తించి, మరల సంశ్లేషణ చేసి సరిచూచుకోవలసి వచ్చేది. సంవత్సరాల శ్రమ, చాలినంత పదార్థం రెండూ కావాలి. వర్ణపటానికి పదార్థాన్ని విడగొట్టే పని లేదు. బెంజీన్ వలయం ఏ ద్రవ్యంలోనూ కలవకుండా సీసాలో ఉండగానే, దాని ఆరు కర్బన పరమాణువులు ఒక్కసారిగా వ్యాకోచించి సంకోచించే కంపనం 992 తరంగ సంఖ్య వద్ద స్పష్టమైన గీతగా ఛాయాచిత్ర ఫలకం మీద పడుతుంది. ఆ రోజుల్లో లేజర్లు లేవు. పాదరస దీపం వెలుగులో బలహీనమైన గీతల కోసం గంటల తరబడి ఫలకాన్ని ఉంచవలసి వచ్చేది.

భగవంతం తొలినాళ్ళలో కర్బన ద్రవాల వర్ణపటాలపైన, వజ్రం వంటి స్ఫటికాలపైన పనిచేశాడు. 1931లో రామన్‌తో కలిసి, పరిక్షేపణ చెందిన కాంతి ధ్రువణాన్ని కొలిచి కాంతికణానికి భ్రమణం ఉన్నదనడానికి ప్రయోగపూర్వకమైన ఆధారం చూపాడు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై రెండేళ్ళు మించలేదు.

వాల్తేరులో సౌష్ఠవ సిద్ధాంతం

1932లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అధ్యాపకునిగా చేరాడు. మరుసటి సంవత్సరమే అక్కడ రసాయన శాఖలో టి.ఆర్. శేషాద్రి చేరాడు. మొక్కల నుండి రంగు పదార్థాలను వేరుచేసి, వాటి నిర్మాణాన్ని రసాయన చర్యల ద్వారా నిర్ణయించడం శేషాద్రి ప్రసిద్ధి. ఒకే ప్రాంగణంలో ఒకరు అణువును విప్పి చూస్తూ, మరొకరు దానికి వెలుగు చూపి వింటూ ఉండిన కాలమది. 1942లో జపాను విమానాలు విశాఖపై బాంబులు వేసిన తరువాత విశ్వవిద్యాలయం కొంతకాలం గుంటూరుకు తరలవలసి వచ్చింది.

వర్ణపటం తీయడం ఒక ఎత్తు, దాని అర్థం తీయడం మరొక ఎత్తు. బెంజీన్‌లో పన్నెండు పరమాణువులు ఉన్నందున దానికి ముప్పై కంపన రీతులు ఉండాలి. కొన్ని జంటలుగా ఒకే పౌనఃపున్యంతో ఉండడం వల్ల వేర్వేరు పౌనఃపున్యాలు ఇరవై మాత్రమే. వాటిలోనూ ఏడు రామన్ వర్ణపటంలో, నాలుగు పరారుణ వర్ణపటంలో కనిపించాలి. మిగిలినవి రెండింటిలోనూ కనిపించకూడదు. ఈ లెక్క అణువు చదునైన క్రమ షడ్భుజి అయితేనే చెల్లుతుంది. ఒకటి విడిచి ఒకటి పొట్టి, పొడవు బంధాలుగా ఉంటే గీతల సంఖ్య మారిపోవడమే కాక, కొన్ని గీతలు రెండు వర్ణపటాలలోనూ కనిపిస్తాయి. 1936లో లండనులో ఇంగోల్డ్ బృందం భార హైడ్రోజను కలిగిన బెంజీన్లతో పరీక్షించి క్రమ షడ్భుజినే సమర్థించింది. కేకులే 1865లో ఊహించిన వలయానికి ఇలా కాంతి సాక్ష్యం పలికింది.

ఈ లెక్కలకు మూలం గణితంలోని సమూహ సిద్ధాంతం. విడి అణువులకు దీనిని విగ్నర్, ప్లాచెక్, విల్సన్ మొదలైనవారు వర్తింపజేశారు. స్ఫటికాలలో చిక్కు వేరు. అక్కడ అణువులు పక్కపక్కన పేర్చి ఉండడం వల్ల, అణువు లోపలి కంపనాలతోపాటు అణువు మొత్తం ఒరగడం, జరగడం కూడా వర్ణపటంలో కలుస్తాయి. 1939లో భగవంతం, గణితవేత్త టి. వెంకటరాయుడు కలిసి స్ఫటికం ఏకక సెల్‌లోని పరమాణువులన్నింటినీ లెక్కలోకి తీసుకొని, చలనాలను స్థానాంతర, భ్రమణ, అంతర కంపనాలుగా విభజించి, ప్రతి సౌష్ఠవ వర్గంలోనూ ఎన్ని గీతలు వస్తాయో పట్టికలో చూపే పద్ధతిని ప్రకటించారు. ఘనస్థితిలోని కర్బన పదార్థాల వర్ణపటాలకు కూడా అదే వర్తిస్తుంది. తరువాతి పరిశోధకులు ఈ పద్ధతికి వారిద్దరి పేర్లు పెట్టి వాడుకున్నారు. ఈ విషయం తెలుగువారికి తగినంతగా తెలియకపోవడం విచారకరం.

ఉస్మానియా, తదుపరి జీవితం

1948లో లండనులో కొంతకాలం శాస్త్రీయ అనుసంధాన అధికారిగా ఉండి, 1949లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యునిగా చేరాడు. ఉర్దూ మాధ్యమంతో 1918లో స్థాపితమైన ఆ విశ్వవిద్యాలయం అప్పుడే ఆంగ్ల మాధ్యమానికి మారుతున్నది. మహబూబ్‌నగర్ మొదలు ఆదిలాబాదు జిల్లా ఉట్నూరు వరకు తెలంగాణ విద్యార్థులకు సాధారణ పట్టా చదువులకు, 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడేవరకు, అదే ఆధారం. కాబట్టి భౌతికశాస్త్ర శాఖను బలపరచడం అనేది ఒక్క నగరానికి సంబంధించిన విషయం కాదు. భగవంతం 1952 నుండి 1957 వరకు ఉపకులపతిగా ఉన్నాడు.

1957లో బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ సంచాలకుడైనాడు. ఒకప్పుడు గురువు రామన్ కూర్చున్న స్థానమది. 1962లో ఆ బాధ్యతను సతీష్ ధావన్ స్వీకరించాడు. అంతకు ముందే 1961లో డి.ఎస్. కొఠారి తరువాత రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా నియమితుడైన భగవంతం, చైనా, పాకిస్తాను యుద్ధాల క్లిష్ట సమయంలో రక్షణ పరిశోధనశాలలను నడిపి 1969లో విరమించాడు.

తరువాతి కాలంలో సత్యసాయిబాబా తెలుగు ప్రసంగాలకు ఆంగ్లానువాదకుడైనాడు. శాస్త్రవేత్త ఇటువంటి విశ్వాసాన్ని బహిరంగంగా ప్రకటించడాన్ని హేతువాదులు తీవ్రంగా విమర్శించారు.

రచనలు

కాంతి పరిక్షేపణం, రామన్ ఫలితం గురించిన గ్రంథాన్ని 1940లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రచురించింది. వెంకటరాయుడుతో కలిసి వ్రాసిన సమూహ సిద్ధాంత గ్రంథం 1948లో వెలువడింది. స్ఫటిక సౌష్ఠవం, భౌతిక ధర్మాల గురించిన గ్రంథం 1966లో వచ్చింది. మూడూ ఆంగ్లంలో వ్రాసినవే. లేజర్లు వచ్చి, గంటల పని నిమిషాలకు తగ్గిన తరువాత రామన్ వర్ణపటశాస్త్రం మళ్ళీ ఊపందుకున్నప్పుడు, వీటిలో రెండవ గ్రంథాన్ని 1969లో అమెరికాలో పునర్ముద్రించారు.