బుధవారం మాత్ర

మా అత్తయ్యకు కీళ్లవాతం. పొద్దున్న లేచేసరికి వేళ్లు బిగుసుకుపోయి కాఫీ గ్లాసు కూడా పట్టుకోలేకపోయేవారు. డాక్టరుగారు మెథోట్రెక్సేట్ మాత్ర రాశారు. వారానికి ఒక్కటే, బుధవారం. మర్నాడు ఫోలిక్ యాసిడ్.

ఒకసారి నేను పుట్టింటికి వెళ్లి, శుక్రవారం పొద్దున శాలిబండలో మా ఇంటికి తిరిగొచ్చేసరికి ఆవిడ బుధవారం మాత్రే గురువారమూ వేసుకుని, మూడోది చేతిలో పట్టుకుని కూర్చున్నారు. గభాల్న లాక్కుని, ఆటో ఎక్కించి డాక్టరు దగ్గరకు పరుగెత్తాను. నోటిపూతతో, నాలుగు రక్తపరీక్షలతో బయటపడ్డాం. ఆ మాత్ర రోజూ పడితే రక్తకణాలు తగ్గిపోయి ప్రాణాలకే ముప్పట. చెప్పి వెళ్లకపోవడం నా తప్పే.

ఇంత చిన్న మాత్రకు అంత బలం ఎక్కణ్ణించి వచ్చిందా అని పుస్తకాలు తిరగేస్తే, ఆ రెండు మాత్రల వెనకా ఒకే మనిషి కనిపించారు. మన యల్లాప్రగడ సుబ్బారావుగారు!

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారాయన. చిన్నప్పుడు చదువంటే పడేది కాదు. కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుందామని పదమూడో ఏట ఇంట్లోంచి పారిపోతే, దారిలోనే పట్టి తెచ్చారు. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. తండ్రి పోయినా కొడుకు చదువు ఆగకూడదని తల్లి వెంకమ్మగారు నగలు అమ్మేశారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టాడని ప్రొఫెసరుకు కోపం వచ్చింది. చివరికి ఎం.బి.బి.ఎస్. కాకుండా ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

ఆ రోజుల్లోనే స్ప్రూ అనే విరేచనాల జబ్బుతో అన్నదమ్ములిద్దరు రోజుల తేడాతో పోయారు. తనకూ అదే వచ్చింది. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదంతో బతికారు. ఆ జబ్బుకు పనిచేసే ఫోలిక్ యాసిడ్‌ను తర్వాత ఆయన బృందమే తయారుచేసింది.

1922లో మామగారిచ్చిన డబ్బు సాయంతో అమెరికా వెళ్లారు. పగలు హార్వర్డులో చదువు, రాత్రి ఆస్పత్రిలో రోగుల బెడ్‌పాన్లు ఎత్తే పని. కండరం కదలడానికి శక్తి ఎక్కడ దాగుంటుందో ఫిస్కేతో కలిసి 1927లో, 1929లో బయటపెట్టారు. అయినా అక్కడ స్థిరమైన ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. 1945లో ఫోలిక్ యాసిడ్ ప్రయోగశాలలో తయారైంది.

అసలు కిటుకు ఆ తర్వాతే ఉంది. కొత్త కణం పుట్టాలంటే ఫోలిక్ యాసిడ్ ఒక ఎంజైములో, తాళంలో చెవి దూరినట్టు దూరాలి. సుబ్బారావుగారి బృందం దాన్నే పోలిన దొంగ చెవులు చేసింది. అది తాళంలో దూరి ఇరుక్కుపోతుంది. తాళం తెరుచుకోదు, అసలు చెవికి చోటూ ఉండదు. విచ్చలవిడిగా పెరిగే కేన్సర్ కణాలు అక్కడే ఆగిపోతాయి. అలాంటి మందే అమినోప్టెరిన్. బోస్టన్‌లో డాక్టర్ ఫార్బర్ రక్తకేన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు ఇస్తే, 10 మంది కొన్నాళ్లయినా తేరుకున్నారు. ఆ సంగతి 1948లో లోకానికి తెలిసింది. మా అత్తయ్య మాత్ర దాని తోబుట్టువే.

ఇప్పుడు ఆ చెవి ఏ మూల ఎలా పట్టేస్తుందో కంప్యూటరు తెరమీద బొమ్మ కట్టి చూస్తున్నారు. ఆయన పుట్టిన భీమవరం చుట్టూ ఇప్పుడు రొయ్యల చెరువులు. రొయ్య పాత పెంకు విడిచి పెరగాలన్నా ఓ హార్మోను దాని తాళంలో ఇలాగే ఇమడాలట! దానికీ కంప్యూటరు బొమ్మలే. సుబ్బారావుగారికి ఆ సదుపాయం లేదు. ఉన్నవల్లా ఓపిక, ఊహ.

కానీ ఆయన కథ చదువుతుంటే నా మనసు మాటిమాటికీ శేషగిరిగారి మీదికే పోయింది. 1919లో పెళ్లయిన భార్య. ఆయన ఓడెక్కాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. తండ్రి చూడనేలేదు. ఆవిడ 26 ఏళ్లు ఎదురుచూసింది. ఆయన 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, న్యూయార్కులో నిద్రలోనే పోయారు. ఎందరి పిల్లలనో బతికించే దారి చూపినవాడి ఇంట్లో ఆ లోటు ఎవరు తీర్చారు?

కడుపుతో ఉన్నవాళ్లకు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ బిడ్డ వెన్నెముకను కాపాడుతుంది. ఆ బుధవారం మాత్ర మాత్రం వాళ్లు ముట్టనే కూడదు. మీ ఇంట్లో వారం మాత్ర వేసుకునేవాళ్లుంటే, డబ్బా మీద ఆ రోజు పేరు పెద్దక్షరాలతో రాసిపెట్టండి. మా డబ్బా మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో రాశాను. అత్తయ్య ఇప్పుడు కాఫీ గ్లాసు తనే పట్టుకుంటున్నారు.