పొంపేవ్ ఫాబ్రా: కాటలాన్ భాషకు వ్యాకరణము కూర్చిన రసాయన శాస్త్రోపాధ్యాయుడు

ఐరోపా ఖండమునకు నైరుతి మూల స్పెయిన్ దేశమున్నది. ఆ దేశపు ఈశాన్య భాగమున, పిరెనీసు పర్వతములకును మధ్యధరా సముద్రమునకును నడుమ కాటలోనియా యను సీమ కలదు. దాని ముఖ్య నగరము బార్సిలోనా. ఆ సీమవారి మాతృభాష కాటలాన్. అది స్పానిష్ భాషకు మాండలికము కాదు; దానితోబాటు లాటిన్ నుండి పుట్టిన సోదర భాష. దక్షిణమున వాలెన్సియా, సముద్ర మధ్యమున బలియారిక్ ద్వీపములు, ఫ్రాన్సు సరిహద్దున రూసియోన్, పర్వతముల నడుమ అండోర్రా యను చిన్న రాజ్యము, ఇటలీకి చెందిన సార్డీనియా ద్వీపమున ఆల్గేరో పట్టణము, ఇన్ని చోట్ల ఆ భాష వాడుకలో నున్నది. దాని నెరిగినవారు నేడు సుమారు ఒక కోటి మంది.

రజతోత్సవ సంచికలో రాజుల చరిత్రయో, దేశభక్తుల చరిత్రయో యుండవలెను గాని, ఎక్కడిదో యొక భాషకు వ్యాకరణము వ్రాసినవాని కథ యేల యని చదువరులు కొందరు తలపవచ్చును. ఈ మనుష్యుని అంతిమ యాత్రయు, ఆయన పుస్తకములకు పట్టిన గతియు తెలిసికొన్న పిమ్మట ఆ సందేహము తీరునని నమ్ముచున్నాను.

మధ్యయుగమున కాటలాన్ భాష రాజాస్థానములలో వెలిగినది. రామోన్ ల్యుల్ వంటి మహా రచయితలు అందులో గ్రంథములు వ్రాసిరి. కాని 1714లో బార్సిలోనా నగరము స్పెయిన్ రాజైన అయిదవ ఫిలిప్ సేనలకు లొంగిపోయెను. 1716 నాటి శాసనముతో న్యాయస్థాన వ్యవహారములు స్పానిష్ భాషలోనికి మారెను. క్రమముగా బడులు కూడ ఆ భాషకే దక్కెను. ఇంటిలో తల్లి బిడ్డను కాటలాన్‌లో లాలించును. బిడ్డ బడికి పోయి స్పానిష్‌లో అక్షరములు దిద్దును. పందొమ్మిదవ శతాబ్దిలో కవులు మేల్కొని, 1859లో పూర్వపు కవితా పోటీలను పునరుద్ధరించిరి. కాని వారిలో పెక్కుమంది ప్రాచీన రూపములనే మెచ్చుచుండిరి. వ్రాతలో ఒకరి వర్ణక్రమము ఒకరికి సరిపడదు. ఒకే క్రియను నలుగురు నాలుగు విధముల వ్రాయుచుండిరి.

ఇట్టి కాలమున 1868 ఫిబ్రవరి 20వ తేదీన, బార్సిలోనా చెంతనున్న గ్రాసియా యను పట్టణమున పొంపేవ్ ఫాబ్రా జన్మించెను. ఆ పట్టణము అప్పటికి ప్రత్యేకముగా నుండెను. పిదప నగరములో కలిసిపోయెను. తండ్రి ప్రజాప్రభుత్వ వాది. ఫాబ్రా బాల్యముననే కుటుంబము బార్సిలోనాకు తరలివచ్చెను. ఆయన చదివినది పారిశ్రామిక ఇంజనీరు విద్య. భాషాశాస్త్రమును ఏ గురువు వద్దను నేర్వలేదు. స్వయంకృషితో, ఇతర దేశముల పండితుల గ్రంథములు సంపాదించి చదువుకొనెను.

ఆయన యౌవనమున జరిగినదని చెప్పు చిన్న సంగతి యొకటి కలదు. బంధువులకు జాబు వ్రాయుటకు కూర్చుండి, అలవాటు చొప్పున స్పానిష్‌లో మొదలిడెను. అంతలో, నోటితో ఎన్నడును వారితో స్పానిష్ పలుకని తాను కాగితముపై మాత్రము పరాయి భాషలో పలుకరించుట యేమి వింతయని తోచెను. జాబును కాటలాన్‌లో వ్రాయబోగా, ఇంటి మాటలకు వ్రాతలో రూపము తెలియక చిక్కుపడెను. ఆయన జీవిత కార్యమంతయు ఆ చిక్కులోనుండియే పుట్టినది.

1891లో, ఇరువదిమూడేండ్ల ప్రాయమున, ఆధునిక కాటలాన్ వ్యాకరణమునకు ఒక ప్రయత్న గ్రంథమును ప్రకటించెను. అది స్పానిష్ భాషలో వ్రాసినదే యైనను, అందులో వర్ణించినది బార్సిలోనా వీథులలో వినవచ్చు సజీవమైన కాటలాన్. మస్సో ఇ తొర్రెంత్స్, కాసస్ కార్బో యను మిత్రులతో కలిసి, లావెన్స్ యను పత్రిక ద్వారా వర్ణక్రమ సంస్కరణకై ఉద్యమము సాగించెను. మన గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) ఆయనకు సమకాలికులు. జీవద్భాషయే వ్రాతకు ఆధారము కావలెనను పట్టుదల ఇరువురకును కలదు. అయితే పంతులుగారి వివాదము పండితులతో మాత్రమే. ఫాబ్రాకు పండితులతోబాటు ప్రభుత్వము కూడ ఎదురు నిలిచెను.

ఆయన పరిష్కరింపవలసి వచ్చిన చిక్కులలో క్రియాకాలముల చిక్కు మిక్కిలి రుచికరమైనది గనుక దానిని కొంచెము విపులముగ చెప్పెదను. మనము తెలుగున పాడబోవుచున్నాను అన్నచో ఇంకను పాడలేదనియే అర్థము. పోవు అను క్రియను భవిష్యత్తునకు వాడుకొనుట మనకు సహజము. ఫ్రెంచివారును, స్పానిష్‌వారును అట్లే చేయుదురు. కాటలాన్‌వారు మాత్రము పోవుచున్నాను అను అర్థము గల వాచ్ అను మాటకు పాడుట యను కంతార్ చేర్చి, వాచ్ కంతార్ అన్నచో, పాడితిని అని భూతకాలార్థము వచ్చును! స్పానిష్ తెలిసి కాటలాన్ నేర్చుకొనువాడు ఇచ్చట తప్పక తొట్రుపడును. నిన్న జరిగినదానిని రేపటి పనియని తలచును. పూర్వపు కథకులు, వాడు పోయి ఒక్క దెబ్బ వేసెను అని మన కథలు చెప్పువారివలె, హఠాత్తుగా జరిగిన పనికి పోవు క్రియను తగిలించి చెప్పుచుండగా, రానురాను ఆ పోవుట అర్థము కోల్పోయి భూతకాల చిహ్నముగ నిలిచిపోయెనని పండితుల అభిప్రాయము. నిజముగా పోవుట చెప్పునప్పుడు మేము పోవుచున్నాము అనుటకు అనెమ్ అందురు. సహాయక క్రియగా నున్నప్పుడు మేము అను అర్థమున వామ్ అందురు. ఒకే క్రియ రెండు బ్రతుకులు బ్రతుకుచున్నది.

ఇదిగాక కంతీ అను ఒంటిమాట భూతకాలము కూడ కలదు. అది లాటిన్ నుండి వచ్చిన పాత రూపము. వాలెన్సియా ప్రాంతమున కొన్నిచోట్ల ఇప్పటికిని నోట నున్నది. తక్కిన సీమలలో గ్రంథములలోనే కనబడును. పాతదే ఉత్తమమని ఒక పక్షము, వాడుకయే చాలునని వేరొక పక్షము. ఫాబ్రా వ్యాకరణమున రెంటికిని స్థానమిచ్చెను. మూడవది ఎ కంతాత్ అనునది. ఈ దినమున, ఈ వారమున, ఈ సంవత్సరమున అని ఇంకను ముగియని కాలములో జరిగిన పనికి అది చెల్లును. ఈ ఉదయము పాడితిని అనుటకు ఎ కంతాత్. నిన్న పాడితిని అనుటకు వాచ్ కంతార్. మనకు పాడితిని అను ఒక్కమాటతో తీరు పనికి వారు రాత్రి గడచినదా లేదా యని చూచుకొనవలెను. పాడుచుండెడివాడను అను అర్థమునకు కంతావ యను వేరు రూపము కలదు. పాడుదును అను కంతరే రూపమో, పాడుట యను మాటకు కలిగియున్నాను అను అర్థము గల మాట యతుకుకొనుటచే నేర్పడినది.

గ్రంథములు వ్రాసినంత మాత్రమున కడుపు నిండదు. 1902లో ఫాబ్రా, కాటలోనియాకు దూరముగ ఉత్తర తీరమున నున్న బిల్బావో నగరపు ఇంజనీరింగు పాఠశాలలో రసాయన శాస్త్రాచార్య పదవి పొందెను. ఆ సంవత్సరముననే దొలోర్స్ మేస్త్రే యను ఆమెను వివాహమాడెను. వారికి ముగ్గురు కుమార్తెలు. సుమారు పదియేండ్లు పగలు రసాయన శాస్త్రము బోధించుచు, తీరిక వేళల మాతృభాషా పరిశోధన చేసెను. 1906లో బార్సిలోనాలో జరిగిన ప్రథమ కాటలాన్ భాషా మహాసభలో ఆయన వర్ణక్రమమును గూర్చి ప్రసంగించిన పిమ్మట, ఈ పనికి తగినవాడు ఈతడేయని పెద్దలు గుర్తించిరి. 1907లో కాటలాన్ విద్యా పరిషత్తును, 1911లో దానికి భాషా శాఖయు ఏర్పడెను. రాజనీతిజ్ఞుడైన ప్రాత్ ద లా రీబా ప్రోత్సాహమున ఫాబ్రా 1912లో స్వదేశమునకు తిరిగివచ్చి, బార్సిలోనా చేరువన సముద్రతీరముననున్న బాదలోనా పట్టణమున నివసించెను.

1913 జనవరి 24వ తేదీన పరిషత్తు ఇరువదినాలుగు వర్ణక్రమ సూత్రములను ప్రకటించెను. నేడు చూచిన ఇవి చిన్న విషయములే. కాని వానికై జరిగిన కలహము చిన్నది కాదు. నీవు పాడుచున్నావు అనుటకు కాంతెస్ అని వ్రాయవలెనా, కాంతస్ అని వ్రాయవలెనా? బార్సిలోనావారి నోట ఆ అకారమునకును ఎకారమునకును భేదము వినబడదు. పడమటి సీమలోను, వాలెన్సియాలోను ఎకారము స్పష్టముగ పలుకుదురు. ఫాబ్రా బార్సిలోనావాడై యుండియు తన చెవిని ప్రమాణము చేయక, ఎక్కువ సీమలకు నప్పు కాంతెస్ అను రూపమునే సమర్థించెను. కంతార్ చివరి రేఫ బార్సిలోనాలో పలుకరు, వాలెన్సియాలో పలుకుదురు, వ్రాతలో దానిని నిలిపిరి. ఒక ఊరి పలుకుబడిని తక్కిన ఊళ్లపై రుద్దిన వ్యాకరణము నిలువదని ఆయన గ్రహించెను. నా దృష్టిలో ఆయన విజ్ఞతకు ఇంతకంటె తార్కాణము లేదు.

నేను పాడుచున్నాను అనుటకు బార్సిలోనాలో కాంతో అని వ్రాయుదురు. వాలెన్సియాలో కాంతె, బలియారిక్ ద్వీపములలో కాంత్, రూసియోన్‌లో కాంతి. పుస్తకములలో ప్రధానముగ మొదటి రూపమునే చూపినను, తక్కిన సీమల రూపములకును వ్రాతలో గౌరవము కలదు. 1932లో కాస్తెల్యో పట్టణమున వాలెన్సియా రచయితలు సమావేశమై, కొలది సడలింపులతో ఆ వర్ణక్రమమునే స్వీకరించిరి.

అందరును సంతసింపలేదు. వృద్ధ రచయితలు కొందరు పాత వ్రాతనే పట్టుకొని యుండిరి. మల్యోర్కా ద్వీపపు మతాచార్యుడును, పల్లె పల్లె తిరిగి పదములు సేకరించిన మహా శ్రమజీవియునగు అల్కువేర్, పరిషత్తు భాషా శాఖకు తొలి యధ్యక్షుడై యుండియు, 1918లో దానితో తెగతెంపులు చేసికొనెను. ఆయన మొదలిడిన నిఘంటువును శిష్యుడు మోల్ కొనసాగించి, పది సంపుటములుగ 1962 నాటికి పూర్తిచేసెను. కలహించినవారి కృషియు భాషకు ఆస్తియే అయ్యెను.

1917లో వర్ణక్రమ నిఘంటువు, 1918లో పరిషత్తు ఆమోదించిన వ్యాకరణము, 1932లో సామాన్య నిఘంటువు వెలువడెను. 1919 మొదలు 1928 వరకు లా పుబ్లిసితాత్ అను దినపత్రికలో చిన్న చిన్న భాషా సంభాషణములు వ్రాసెను. స్పానిష్ పలుకుబడిని అనుకరించి చేయవలెను అనుటకు తెనీర్ కే అనువారికి, ఆవేర్ దె యను స్వంత రూపమున్నదని తెలుపుట వంటి పాఠములవి. ఎవరినైనను కసరుట ఆయన పద్ధతి కాదు. పుస్తకముల పురుగు కూడ కాదు. కొండలెక్కుట, టెన్నిసు ఆడుట ఆయనకు ప్రియము. కాటలోనియా టెన్నిసు సంఘమునకు అధ్యక్షుడుగ కూడ నుండెను.

స్పెయిన్ ప్రజాప్రభుత్వ కాలమున, 1932లో, ఆయనకు బార్సిలోనా విశ్వవిద్యాలయమున కాటలాన్ ఆచార్య పీఠము లభించెను. మరుసటి యేడు విశ్వవిద్యాలయ పాలకమండలికి అధ్యక్షుడయ్యెను. 1934 అక్టోబరు అల్లరుల పిమ్మట కొన్ని వారములు చెరసాలలో నుండవలసి వచ్చెను. 1936లో అంతర్యుద్ధము రగిలెను. 1939 జనవరి 26వ తేదీన ఫ్రాంకో సేనలు బార్సిలోనా ప్రవేశించెను. డెబ్బదియొక్క యేండ్లు నిండవచ్చిన ఆ వృద్ధుడు కుటుంబముతో ఫ్రాన్సు సరిహద్దు దాటిపోయెను. బాదలోనా ఇంటిలో ఆయన జీవితమంతయు కూర్చుకొన్న పుస్తకములను విజేతల పక్షమువారు వీథిలోనికి ఈడ్చి తగులబెట్టిరి. బడులలోను, కచేరీలలోను కాటలాన్ నిషిద్ధమయ్యెను.

పుస్తకములు పోయినను పని మానలేదు. ప్రవాసమున పలుచోట్ల తిరిగి, తుదకు పిరెనీసు సానువులందలి ప్రాదా పట్టణము చేరెను. అది ఫ్రాన్సులోని కాటలాన్ సీమయే. సంగీత విద్వాంసుడు పావ్ కసాల్స్ కూడ ప్రవాసియై అచ్చటనే యుండెను. పేదరికములోనే కొత్త వ్యాకరణమును రచించెను. మరణశాసనము వ్రాయదలచినపుడు, ఫ్రాన్సులో వ్రాసినచో ఫ్రెంచిలో వ్రాయవలెను. స్పెయిన్‌కు పోవుటకు వీలు లేదు. కాటలాన్ అధికార భాషగా నున్న రాజ్యము లోకమున ఒక్క అండోర్రాయే. కొండలు దాటి అచ్చటికి పోయి, తన భాషలోనే వీలునామా వ్రాయించి తిరిగివచ్చెను.

1948 డిసెంబరు 25వ తేదీన, క్రిస్మస్ దినమున, ఆయన ప్రాదాలో మరణించెను. సమాధియు అచ్చటనే కలదు. చేతివ్రాతలో మిగిలిన వ్యాకరణమును భాషావేత్త జోవాన్ కొరొమినెస్ పరిష్కరింపగా 1956లో అచ్చయ్యెను. 1975లో ఫ్రాంకో మరణించిన పిమ్మట, 1979 నాటి స్వపరిపాలనా శాసనముతో కాటలాన్ మరల అధికార భాష యయ్యెను. 1990లో బార్సిలోనాలో స్థాపించిన విశ్వవిద్యాలయమునకు ఫాబ్రా పేరు పెట్టిరి. ప్రాదాలో 1960ల చివరినుండి వేసవి విశ్వవిద్యాలయము నడచుచున్నది. ఆ సీమలన్నిటినుండి విద్యార్థులు వచ్చి, కాంతో అనువారును కాంతె అనువారును ఒకే తరగతిలో కూర్చుందురు.